ఎద్దుల బేరం నుంచి సెకండ్‌హ్యాండ్ బండి దాకా

మన తాతలకు బండి అంటే ఎద్దే. లదేణిలో ఉప్పూ ధాన్యమూ మోసిన లంబాడీలకు ఎద్దు పళ్లు చూసి వయసు చెప్పడం, నడిపించి కుంటు కనిపెట్టడం ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఇప్పుడు జహీరాబాద్‌లో మన తాండాల పిల్లలు కొనేది సెకండ్‌హ్యాండ్ బైకు, ట్రాలీ ఆటో. మీటరు వెనక్కి తిప్పారో, యాక్సిడెంట్ బండికి రంగేశారో పళ్లు చూసి చెప్పలేం కదా. నెల తిరక్కుండానే ఇంజిన్ కూర్చుంటే, "చూసుకునే కొన్నావ్ గదా" అంటాడు అమ్మినాయన. ఈ మాట చాలా పాతది. దానికి జవాబు ఇంకా పాతది.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అమ్మకం, కొనుగోలు రద్దు చేసుకోవడం మీద ఒక అధ్యాయమే ఉంది. రోగమున్న పశువును మంచిదని చెప్పి అమ్మితే 12 పణాల జరిమానా. నాలుగు కాళ్ల పశువును వాపసు చేయడానికి మూడు పక్షాలు, అంటే 45 రోజుల గడువు. అదే అధ్యాయంలో మనుషులను అమ్మినా గడువుంది, ఏడాది! ఆ కాలం ఎలాంటిదో అది కూడా చెబుతుంది.

ఇంగ్లీషువాళ్లు మాత్రం "కొనేవాడే జాగ్రత్తపడాలి" అనే సూత్రం పట్టుకొచ్చారు. 1872 కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్‌లో దీనికి ఒక గుర్రం ఉదాహరణ ఉంది. గుర్రం బాగాలేదని తెలిసీ అమ్మేవాడు ఊరుకుంటే, అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అని అన్నాక కూడా అమ్మేవాడు నోరు మెదపకపోతే, ఆ మౌనం చెప్పిన మాటతో సమానం. మా దృష్టిలో మొత్తం చట్టంలో మనకు పనికొచ్చే ముక్క ఇదే. ఒక్క ప్రశ్న అడగడంతో కేసు తిరగబడుతుంది. ఈ రోజుల్లో ఆ ప్రశ్నను వాట్సాప్‌లో అడిగితే సాక్ష్యం కూడా మిగులుతుంది: "యాక్సిడెంట్ కాలేదు కదా? ఇంజిన్ విప్పలేదు కదా?"

1930లో వచ్చిన వస్తు విక్రయ చట్టం కొంచెం మెత్తబడింది. అవే వస్తువుల వ్యాపారం చేసేవాడి దగ్గర కొంటే సరుకు అమ్మదగ్గ నాణ్యతతో ఉండాలి. అయితే కొనేవాడు పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు ఈ రక్షణ ఉండదు. అప్పుడు జహీరాబాద్ నిజాం రాజ్యంలో, బీదర్ జిల్లాలో ఉండేది. పార్ట్ బి రాష్ట్రాల చట్టంతో 1951లో గానీ అది మన దాకా రాలేదు. 1956లో మనం మెదక్ జిల్లాలోకి వచ్చాం, ఇప్పుడు సంగారెడ్డి.

అసలు మార్పు 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో మొదలైంది. కానీ "బతుకుదెరువుకు ఆటో కొన్నావు, అది వ్యాపారం" అని తోసేసే ప్రమాదం ఉండేది. 1993 సవరణ స్వయం ఉపాధిని మినహాయించింది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు, ఆటో కొని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడే అని తేల్చింది. మన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2019 చట్టం, 2020 జూలై 20 నుంచి. బండి హైదరాబాద్‌లో కొన్నా పుణెలో కొన్నా, మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్లు. ఇచ్చిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అయితే ఇది డీలర్ల మీద, వ్యాపారుల మీదే బాగా పనిచేస్తుంది. పక్క తాండా వ్యక్తి తన సొంత బండి ఒక్కసారి అమ్మితే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. అక్కడ సివిల్ కోర్టు, ఆ 1872 నాటి గుర్రం.