'రాజర్షి' శబ్దము: అర్థపరిణామము

'రాజర్షి' యనగానే రాజ్యమును వీడి యడవికేగిన వృద్ధనృపాలుడు మన మనస్సున మెదలుట సహజము. ఈ యర్థము శబ్దమునకు మొదటినుండియు కలదా యన్నది విచారణీయము.

వ్యుత్పత్తియందు చిక్కు లేదు. 'రాజన్', 'ఋషి' శబ్దములు కర్మధారయమున కూడగా నకారము లోపించి గుణసంధి కలిగినది. రాజత్యాగమును సూచించు అంశమేదియు నీ సమాసమున లేదు.

వైదిక వాఙ్మయమున పంచవింశబ్రాహ్మణము సింధుక్షిత్తును 'రాజన్యర్షి' యని పేర్కొనుచున్నది. ఇచ్చటి పూర్వపదము క్షత్రియజాతిని చెప్పునదే కాని సింహాసనమును చెప్పునది కాదు. ఋగ్వేదానుక్రమణియు రాజవంశీయులను గొందఱిని మంత్రద్రష్టలుగా చెప్పుచున్నది. నాల్గవ మండలమందలి 42వ సూక్తమునకు త్రసదస్యుడు, పదియవ మండలమందలి 98వ సూక్తమునకు దేవాపి ద్రష్టలు. తమ్ముడు శంతనుడు రాజు కాగా దేవాపి తపస్సునకు పూనుకొనెననియు, 12 ఏండ్లు వాన కురియకపోగా దేవాపియే పురోహితుడయ్యెననియు యాస్కుని నిరుక్తము తెలుపుచున్నది. దేవాపి రాజు కాడు. రాజకులమున పుట్టిన ఋషి. కావున తొలిదశలో పుట్టుకయే ప్రధానమని మేము తలంచుచున్నాము.

రామాయణ బాలకాండమున పరిస్థితి మాఱినది. కుమారునకు రాజ్యమొప్పగించి తపమొనర్చిన విశ్వామిత్రునకు బ్రహ్మ రాజర్షిలోకములను మాత్రమే అనుగ్రహింపగా నతడు సిగ్గుపడెను. ఇచ్చట నీ శబ్దము బ్రహ్మర్షిత్వమునకు క్రిందిమెట్టు. లోకరూఢియైన వనవాసార్థమునకు మూలము నిట్టి కథలయందే వెదకవలెను.

అయితే 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రము వేఱొక త్రోవ చూపుచున్నది. ప్రథమాధికరణమున ఏడవ యధ్యాయము రాజర్షివృత్తమును గూర్చినది. అరిషడ్వర్గమును విడిచి యింద్రియములను జయింపుమని చెప్పిన కౌటిల్యుడే, ధర్మార్థములకు విరోధము లేని కామమును సేవింపవచ్చుననియు, రాజు సుఖహీనుడు కారాదనియు చెప్పెను. ఇతని రాజర్షి యడవికి పోడు, కొలువుననే యుండును.

కాళిదాసు శాకుంతల ద్వితీయాంకమున ఋషికుమారులచేత దుష్యంతుని నిట్లే పొగడించెను. వేటకు వచ్చిన గృహస్థుడైనను, ప్రజారక్షణముచేత నతడును దినదినము తపస్సును కూర్చుకొనుచున్నాడని వారి మాట. 'ముని' శబ్దమునకు ముందు 'రాజ' శబ్దము చేరుటయే భేదము.

ఇట్లు జన్మమును, తపఃస్థాయిని, పాలనాశీలమును క్రమముగా ప్రధానము చేసికొనిన మూడు అర్థములు ఒకే శబ్దమున పొరలుగా నిలిచినవి. త్యాగార్థ మొక్కటియే గ్రహించినచో పాలనమే తపస్సన్న భావము మఱుగుపడును. కావున ప్రయోగము కనబడినచోటెల్ల ఏ పొర ప్రధానమో నిర్ణయించుకొని వ్యాఖ్యానించుట యుక్తమని మా యభిప్రాయము.