డర్ట్ బైక్ స్వారీ – అమెరికా

తారు రోడ్డు వదిలి మట్టి, ఇసుక, రాళ్ల దారుల్లో మోటార్‌సైకిల్ నడిపే సరదా ఇది. 1971లో వచ్చిన బ్రూస్ బ్రౌన్ డాక్యుమెంటరీ ‘ఆన్ ఎనీ సండే’ దీనికి మంచి ఊపునిచ్చింది. బళ్లు పెరిగి ఎడారులు, అడవులు దెబ్బతింటుండగా, 1972లో అధ్యక్షుడు నిక్సన్ జారీచేసిన ఉత్తర్వుతో ఫెడరల్ భూముల్లో వీటిని ఎక్కడ నడపవచ్చో, ఎక్కడ కూడదో హద్దులు గీయడం మొదలైంది. కాలిఫోర్నియాలో హాలిస్టర్ హిల్స్ వంటి ప్రత్యేక పార్కులున్నాయి. జాతీయ అడవుల్లో నిప్పురవ్వలు బయటపడకుండా సైలెన్సర్‌కు స్పార్క్ అరెస్టర్ ఉండాల్సిందే.

నేర్చుకోవడానికి మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వారి ఒక రోజు శిక్షణ ఉంది; ఆరేళ్ల పిల్లలనూ చేర్చుకుంటారు. ఏళ్ల తరబడి రోడ్డు మీద బండి నడిపినవారూ మట్టి దారుల్లో తడబడతారు. సీటుకు అతుక్కుని కూర్చునే అలవాటే అందుకు కారణం. మట్టిలో ఫుట్‌పెగ్‌ల మీద నిలబడి, మోకాళ్లు కాస్త వంచి, వాటితో ట్యాంకును పట్టుకోవాలి; బండి కింద ఎగిరిపడుతున్నా ఒళ్లు నిలకడగా ఉంటుంది. ఇసుకలో భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తే ముందు చక్రం కూరుకుపోతుంది. బరువు వెనక్కి వేసి, మెల్లగా ఇంజిన్‌కు ఊపందిస్తూనే ఉండాలి.

తొలి బండిగా 450 సీసీ మోటోక్రాస్ రేసు బండి కొనడం తొందరపాటే. హోండా సీఆర్‌ఎఫ్125ఎఫ్ వంటి చిన్న ఫోర్ స్ట్రోక్ బండి చాలు. మిగిలిన డబ్బు హెల్మెట్‌కు, చీలమండ దాటి పిక్కదాకా వచ్చే గట్టి బూట్లకు పెట్టాలి. బండి పక్కకు ఒరిగితే ముందుగా దాని కింద ఇరుక్కునేది కాలే.