పాట, జ్ఞాపిక, గతస్మృతి: చారిత్రక ఆధారంగా గ్రామఫోన్ రికార్డు

ప్రవేశిక

గతాన్ని తలచుకొన్నప్పుడు కలిగే తీపి బాధను నేడు 'నోస్టాల్జియా' అంటున్నాము. పుట్టుకచేత ఇది వైద్యపదం. 1688లో బాసెల్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో జోహన్నెస్ హోఫర్ 'ఇంటికి తిరిగిరాక', 'బాధ' అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాలను కలిపి దీనిని కల్పించాడు. స్వదేశానికి దూరమైనవారికి సోకే వ్యాధిగా వర్ణించాడు. ఈ భావన సంగీతంతో ముడిపడిన తీరును పరిశీలించి, తెలుగు కుటుంబాలు దాచుకొన్న గ్రామఫోన్ రికార్డులకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్మృతిచిహ్నంగా పాట

పరదేశపు కొలువులో ఉన్న స్విస్ సైనికులు తమ పశుపాలకుల పాట వింటే కన్నీరు పెట్టేవారని, కొలువు విడిచి పారిపోయేవారని, అందుచేత సైన్యంలో ఆ పాటను నిషేధించారని రూసో తన సంగీత నిఘంటువు (1768)లో పేర్కొన్నాడు. ఈ కథనం కన్న ఆయన చెప్పిన కారణం ముఖ్యమైనది. ఆ పాట పరాయివారిని కదిలించదు. అది అక్కడ సంగీతంగా గాక స్మృతిచిహ్నంగా పనిచేస్తున్నది. అనగా దాని శక్తి స్వరంలో కంటె విన్నవారి జీవితంలో ఉన్నది.

రికార్డులో రెండు గతాలు

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించడంతో భారతదేశంలో రికార్డుల వ్యాపారం వేళ్లూనుకొన్నది. లక్కతో చేసిన పది అంగుళాల రికార్డు ఒక వైపున సుమారు 3 నిమిషాల పాటకే చోటుండేది. తెలుగునాట పౌరాణిక నాటక పద్యాలు ఈ రూపంలో ఇళ్లకు చేరాయి. రంగస్థలంపై నటుడు సుదీర్ఘమైన రాగాలాపనతో, 'వన్స్‌మోర్'లతో సాగదీసే పద్యం రికార్డులో ఆ వ్యవధికి కుదించుకొనక తప్పలేదు. కనుక 'తాతగారు చూసిన నాటకం ఇదే' అనే కుటుంబ వాక్యాన్ని రంగస్థల చరిత్రకు నేరుగా సాక్ష్యంగా గ్రహించరాదు. అది ఇంటిలో జరిగిన శ్రవణానికి సాక్ష్యం. ఉక్కుముల్లు ఒరిపిడికి అరిగిన గాడి ఏ వైపును ఎక్కువగా విన్నారో సూచిస్తుంది. అట్టపై రాసుకొన్న పేరు దాని యజమానిని తెలుపుతుంది.

ముగింపు

డిజిటలీకరణ ధ్వనిని కాపాడుతున్నది. కాని అరుగుదల, అట్ట, ఇంటివారి మాట అందులో చేరకపోతే పాట మిగిలి, స్మృతిచిహ్నం నశిస్తుంది. విన్న తరం కనుమరుగయ్యాక మనం కూడా ఆ పాటకు పరాయివారమే. అందువల్ల రికార్డును సేకరించే పరిశోధకుడు దానిని దాచినవారి కథనాన్ని కూడా అదే సమయంలో నమోదు చేయాలి. ఆ కథనాన్ని ధ్వనితో సరిపోల్చి పరీక్షించడం ఆ తరువాతి కర్తవ్యం.