క్రూజ్‌కి సొంత వైన్ బాటిల్ తీసుకెళ్లొచ్చా? ఓడలో కొంటే ఎంతవుతుంది? బ్యాగ్ సర్దే ముందు ఇవి తెలుసుకోండి

జి. కొండూరు: మామిడి సీజన్ ముగిసింది. నున్న మార్కెట్‌లో లారీల రద్దీ తగ్గింది. నూజివీడు, మైలవరం, జి. కొండూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రుల ప్రయాణాలు ఎక్కువగా ఈ టైమ్‌లోనే ఉంటాయి. అక్కడికెళ్లాక పిల్లలు ఇచ్చే సర్‌ప్రైజ్‌లలో ఇప్పుడు క్రూజ్ ట్రిప్ ఒకటి. అలాస్కా అనో, బహామాస్ అనో టికెట్లు ముందే బుక్ చేసేస్తున్నారు. అంత దూరం వెళ్లలేని వాళ్లకి విశాఖ నుంచి, చెన్నై నుంచి బయలుదేరే ఓడలున్నాయి.

టికెట్‌లో గది, భోజనం, షోలు కలిసే ఉంటాయి. మందు మాత్రం ఉండదు. దాంతో అందరికీ వచ్చే డౌట్ ఒక్కటే. మన బాటిల్ మనం తీసుకెళ్లొచ్చా, లేక ఓడలోనే కొనుక్కోవాలా? దీనికి అన్ని ఓడలకూ సరిపోయే ఒకే సమాధానం లేదు. ఏ ఓడ, ఎక్కడ ఎక్కుతున్నారు, గదిలో ఎంతమంది తాగుతారు అనే మూడింటిని బట్టి లెక్క మారిపోతుంది.

'వైన్' అంటే మన 'వైన్స్' కాదు

మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. మన దగ్గర 'వైన్స్' బోర్డు పెట్టిన షాపులో దొరికేది ఎక్కువగా విస్కీ, బ్రాందీ, బీరు. ద్రాక్ష వైన్ అడిగితే ఏదో మూల అరలో నాలుగు సీసాలుంటే గొప్ప. కానీ క్రూజ్ కంపెనీ 'వైన్ అనుమతి' అని రాసిందంటే దానర్థం ద్రాక్ష వైన్, షాంపేన్ మాత్రమే. విస్కీ హాఫ్ అయినా, చిన్న వోడ్కా సీసా అయినా స్కానర్ దగ్గర ఆగిపోవాల్సిందే. చాలా కంపెనీలు బీరును కూడా ఒప్పుకోవు.

బాటిల్‌కి సీల్ ఉండాలి. ఇంట్లో పళ్లు పులియబెట్టి చేసిన వైన్, సగం తాగి మూత బిగించిన సీసా ఏవీ కుదరవు. నూజివీడు రసాలతో చేసినా సరే, రూల్ రూలే.

విశాఖ, చెన్నై, ముంబై ఓడల్లో సంగతేంటి?

మన దేశంలో ఇప్పుడు ఎక్కువమంది ఎక్కుతున్నది కార్డీలియా క్రూజెస్ వారి 'ఎంప్రెస్' ఓడ. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై రూట్‌లో తొలిసారి నడిచింది. అప్పట్లో ఓడలోని కాసినో మీద పుదుచ్చేరిలో పెద్ద గొడవే జరిగింది. ప్రయాణికులను దించడానికి అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ తర్వాత 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2025లో ఓడ మళ్లీ వచ్చింది.

ఈ ఓడలో రూల్ సింపుల్. బయటి మద్యం తేకూడదు. వైన్‌కి కూడా మినహాయింపు లేదు. టెర్మినల్‌లో బ్యాగులు స్కాన్ చేసేటప్పుడు కనిపిస్తే తీసేసుకుంటారు. కాబట్టి ఇక్కడ 'తెచ్చుకోవాలా, కొనుక్కోవాలా' అన్న ప్రశ్నే లేదు. కావాలంటే లోపల బార్‌లోనే కొనాలి. గ్లాసు లెక్కన తీసుకోవచ్చు, లేదంటే ప్యాకేజీ తీసుకోవచ్చు. ధరలు సీజన్‌ని బట్టి మారుతుంటాయి. బుకింగ్ రోజే అడిగి తెలుసుకుంటే ఓడ ఎక్కాక తల పట్టుకోవాల్సిన పని ఉండదు.

ముంబై నుంచి లక్షద్వీప్ వెళ్లే ట్రిప్‌లో ఇంకో మెలిక ఉంది. లక్షద్వీప్‌లో జనం ఉండే దీవుల్లో మద్య నిషేధం అమల్లో ఉంది. ఓడలో ఎంత తాగినా, దీవి మీదకు దిగేటప్పుడు సీసా చేతిలో ఉండకూడదు.

ఓడ దాకా ఎందుకు, రోడ్డు మీదే చిక్కు

సత్తుపల్లి, కల్లూరు వైపు నుంచి తిరువూరు మీదుగా బెజవాడ వచ్చే 30వ నంబర్ జాతీయ రహదారి ఎ. కొండూరు, మైలవరం, జి. కొండూరు దాటుకునే వస్తుంది. తెలంగాణలో బాటిల్ కొని కారులో పెట్టుకుని, ఇటు నుంచి విశాఖ వెళ్లి ఓడ ఎక్కుదామనుకుంటే అసలు సమస్య ఓడ దగ్గర మొదలవ్వదు, రాష్ట్ర సరిహద్దులోనే మొదలవుతుంది.

ఈ సరిహద్దులో బాటిళ్ల గొడవ కొత్తదేం కాదు. 2019 అక్టోబరు నుంచి ఏపీలో మద్యం షాపులను ప్రభుత్వమే నడిపింది. ధరలు పెరిగాయి, తెలిసిన బ్రాండ్లు కనపడకుండా పోయాయి. దాంతో పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకోవడం మొదలైంది, వెంటే కేసులూ మొదలయ్యాయి. ఒక్కొక్కరు మూడు బాటిళ్ల వరకు పక్క రాష్ట్రం నుంచి తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు చెప్పింది. ఆ ఊరట ఎక్కువ రోజులు నిలవలేదు. అదే ఏడాది అక్టోబరులో ప్రభుత్వం రూల్ మార్చి, పర్మిట్ లేకుండా బయటి రాష్ట్రాల మద్యం తేకూడదని తేల్చేసింది.

2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులొచ్చాయి, బ్రాండ్లూ వచ్చాయి. అయినా బయటి రాష్ట్రం సీసాని ఎక్సైజ్ వాళ్లు ఇప్పటికీ 'నాన్ డ్యూటీ పెయిడ్' సరుకుగానే చూస్తారు, అంటే ఈ రాష్ట్రానికి పన్ను కట్టని మద్యం. కేసు పడితే వాహనం కూడా స్టేషన్‌కే వెళ్తుంది. ఏడెనిమిది వందలు మిగులుతాయని చూసుకుంటే కారు విడిపించుకోవడానికి కోర్టు చుట్టూ తిరగాలి. పైగా అంత కష్టపడి విశాఖ దాకా తీసుకెళ్లినా ఆ సీసాని ఓడ ఎక్కించరు.

తిరుగు ప్రయాణంలోనూ ఇదే కథ. పుదుచ్చేరిలో మద్యం చవకని అందరికీ తెలుసు. యానాం సరుకు గురించి గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. ఓడ అక్కడ ఆగింది కదా అని రెండు బాటిళ్లు కొంటే, ఓడ ఎక్కేటప్పుడు సెక్యూరిటీ తీసుకుంటారు. ఒకవేళ విశాఖలో దిగేటప్పుడు చేతికొచ్చినా ఏపీలోకి తేవడానికి పర్మిట్ కావాలి.

అమెరికా నుంచి ఎక్కితే రూల్ వేరు

మయామీ, సియాటిల్ లాంటి చోట్ల ఎక్కే పెద్ద ఓడల్లో వైన్‌కి కొంత వెసులుబాటు ఉంది. కంపెనీల వారీగా చూస్తే ఇదీ పరిస్థితి.

రాయల్ కరీబియన్, కార్నివాల్: మద్యం తాగే వయసున్న ఒక్కొక్కరికి 750 ఎంఎల్ వైన్ బాటిల్ ఒకటి. ఎక్కే మొదటి రోజు మాత్రమే, అదీ చేతి సామానులోనే. గదిలో తాగితే చార్జీ లేదు. డైనింగ్ హాల్‌కి తీసుకెళ్తే 'కార్కేజ్' ఫీజు కట్టాలి. మన బాటిల్ మూత తీసి, గ్లాసులిచ్చి, వడ్డించినందుకు వసూలు చేసే డబ్బు అది. ఇప్పటిదాకా 15 డాలర్ల దగ్గర ఉంది.

నార్వీజియన్: వైన్ తెచ్చుకోనిస్తారు కానీ గదిలో తాగినా, హాల్‌లో తాగినా ఫీజు తప్పదు. ఓడ ఎక్కేటప్పుడే కట్టించుకుంటారు.

ప్రిన్సెస్: ఒక్కొక్కరికి ఒక బాటిల్. గదిలో తాగితే ఉచితం. అంతకు మించి తెస్తే ప్రతి బాటిల్‌కీ ఫీజు.

డిస్నీ: ఈ విషయంలో అందరికన్నా ఉదారం. 21 ఏళ్లు దాటిన ఒక్కొక్కరికి రెండు వైన్ బాటిళ్లు లేదా ఆరు బీర్లు. మొదటి రోజే కాదు, మధ్యలో ఆగే ప్రతి పోర్టులోనూ.

ఈ రూల్స్‌ని కంపెనీలు చెప్పకుండానే మార్చేస్తుంటాయి. బయలుదేరే వారంలో ఒకసారి కంపెనీ వెబ్‌సైట్ చూసుకోవడం తప్పనిసరి. పోయినేడాది వెళ్లొచ్చిన బంధువు మాట మీద ఆధారపడొద్దు.

వయసు సంగతి కూడా ఉంది. అమెరికా నుంచి బయలుదేరే ఓడల్లో 21 ఏళ్లు నిండాలి. ఏపీ, తెలంగాణల్లోనూ అదే వయసు. యూరప్ నుంచో, సింగపూర్ నుంచో ఎక్కితే రాయల్ కరీబియన్ 18 ఏళ్లకే ఒప్పుకుంటుంది.

అసలు లెక్క ఇదీ

ధరలు ఓడను బట్టి మారతాయి కాబట్టి ఒక ఉదాహరణ చూద్దాం. ఓడలో వైన్ గ్లాసు 12 డాలర్లు అనుకుందాం. దాని మీద 18 నుంచి 20 శాతం సర్వీస్ చార్జీ బిల్లులోనే వచ్చేస్తుంది. 18 శాతం వేసుకున్నా గ్లాసు 14 డాలర్లు దాటుతుంది. 750 ఎంఎల్ బాటిల్‌లో సుమారు ఐదు గ్లాసులు వస్తాయి. అంటే గ్లాసుల లెక్కన ఒక బాటిల్ తాగితే దాదాపు 71 డాలర్లు. ఓడలో పూర్తి బాటిలే 45 డాలర్లకి కొంటే సర్వీస్ చార్జీతో 53. అదే పోర్టు ఊళ్లో సూపర్ మార్కెట్‌లో 15 డాలర్ల బాటిల్ కొని పట్టుకెళ్తే, గదిలో తాగితే 15, హాల్‌లో కార్కేజ్ కట్టి తాగినా 30.

డాలరు 85 రూపాయలనుకున్నా ఒక్క బాటిల్ మీద దాదాపు 2 వేల నుంచి 4,700 రూపాయల దాకా తేడా. భార్యాభర్తలిద్దరి కోటా కలిపితే రెండు బాటిళ్లు, పది గ్లాసులు. రాత్రికి ఒక గ్లాసు తాగే వాళ్లకి ఏడు రోజుల ట్రిప్‌కి ఇది చాలు, ఇంకా మిగులుతుంది కూడా. కాబట్టి విదేశీ ఓడల్లో కోటా ఉన్నంతవరకు సొంత బాటిలే లాభం. ఇందులో రెండో మాట లేదు.

డబ్బు అసలు పోయేది బాటిల్ దగ్గర కాదు, 'డ్రింక్స్ ప్యాకేజీ' దగ్గర. రోజుకింత అని కడితే కావాల్సినంత తాగొచ్చని ఊరిస్తారు. బుకింగ్ అయిన దగ్గర్నుంచి మెయిళ్లు, ఆఫర్లు ఆగవు. ఇక్కడ చిన్న అక్షరాల్లో ఉండే షరతు ఒకటుంది. రాయల్ కరీబియన్, కార్నివాల్‌లలో గదిలో ఒకరు మద్యం ప్యాకేజీ తీసుకుంటే, ఆ గదిలోనే ఉన్న తాగే వయసు వాళ్లందరూ తీసుకోవాలి. భర్త తాగుతాడు, భార్య ముట్టుకోదు అనుకోండి. మన ఇళ్లలో ఇదే ఎక్కువ. అయినా ఇద్దరికీ డబ్బు కట్టాల్సిందే.

ప్యాకేజీ రోజుకు 70 డాలర్లు అనుకుంటే, ఏడు రోజులకు ఇద్దరికి 980. దాని మీద 18 శాతం కలిపితే దాదాపు 1,156 డాలర్లు. మన డబ్బుల్లో 98 వేల రూపాయలు. ఆ డబ్బు రాబట్టుకోవాలంటే ఒక్కరు రోజుకు ఆరు గ్లాసులు తాగాలి. ఇంట్లో ఒక్కరే తాగేవాళ్లయితే ఆ ఒక్కరే రోజుకు 12 గ్లాసులు తాగాలి, అదీ వరుసగా ఏడు రోజులు. కార్నివాల్ వాళ్లయితే రోజుకు 15 దాటితే ఇవ్వరు. డబ్బు కట్టాం కదా అని బీపీ, షుగర్ ఉన్న అరవై ఏళ్ల మనిషి ఆ లెక్క పూర్తి చేయాలని చూస్తే, ట్రిప్ ఓడలోని డాక్టర్ గదిలో ముగుస్తుంది. ఆ వైద్యం బిల్లు కూడా డాలర్లలోనే.

ఆరోగ్య కారణంతో తాగని వాళ్లుంటే ముందే ఫోన్ చేసి అడగడం మంచిది. కొన్నిసార్లు వాళ్లకి జ్యూస్, కాఫీ ఉండే చవక ప్యాకేజీ ఇచ్చి సర్దుబాటు చేస్తారు. ఆన్‌లైన్‌లో బటన్ నొక్కేస్తే మాత్రం ఆ చాన్స్ ఉండదు.

ఎలా సర్దుకోవాలి?

వైన్‌ని ఇండియా నుంచి మోసుకెళ్లడం దండగ. విమానం క్యాబిన్‌లోకి 100 ఎంఎల్ దాటిన ద్రవాలు రానివ్వరు. చెక్-ఇన్ సూట్‌కేసులో పెడితే పగిలిందంటే పట్టుచీరలు, ఆవకాయ డబ్బాలు అన్నీ ఎర్రగా తేలతాయి. అమెరికాలో దిగేటప్పుడు 21 ఏళ్లు దాటిన వాళ్లకి సుంకం లేకుండా అనుమతించేది ఒక లీటరే. ఓడ ఎక్కే ఊళ్లోనే కొనుక్కోవడం తేలిక.

కొన్న బాటిల్‌ని పెద్ద సూట్‌కేసులో వేసి పోర్టు సిబ్బందికి అప్పగించొద్దు. అక్కడ స్కానర్‌లో కనిపిస్తే సూట్‌కేసు ఆపేస్తారు, సాయంత్రం దాకా గదికి రాదు. చేతి బ్యాగులో పెట్టుకుని, అడిగితే చూపిస్తే సరిపోతుంది. మౌత్‌వాష్ సీసాలో వోడ్కా, నీళ్ల బాటిల్‌లో జిన్ లాంటి తెలివితేటలు యూట్యూబ్‌లో బాగుంటాయి. సెక్యూరిటీ వాళ్లు ఆ వీడియోలు ఎప్పుడో చూసేశారు. దొరికిన మద్యానికి పరిహారం ఇవ్వరు.

మధ్యలో ఆగే ఊళ్లలో కొన్న మద్యాన్ని ఓడ ఎక్కేటప్పుడు తీసుకుని రసీదు ఇస్తారు. ప్రయాణం చివర్లో తిరిగిస్తారు. ఓడలోని డ్యూటీ ఫ్రీ షాపులో కొన్నా అంతే. డబ్బు కట్టగానే సీసా చేతికి రాదు. ఇది తెలియక కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునే వాళ్లు తక్కువేం కాదు.

సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్లొచ్చే షార్ట్ క్రూజ్‌లకి మనవాళ్లు ఎక్కువగా వెళ్తున్నారు. మలేసియా నుంచి సింగపూర్‌లోకి వచ్చే వాళ్లకి మద్యం మీద డ్యూటీ ఫ్రీ సౌకర్యం లేదు. పెనాంగ్‌లో కొన్న సీసాకి సింగపూర్‌లో దిగేటప్పుడు పన్ను కట్టాల్సిందే.

విదేశాల నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు మద్యం లేదా వైన్‌కి సుంకం ఉండదు. అది దాటితే భారీగా పడుతుంది. విశాఖ నుంచి చెన్నై వెళ్లొచ్చిన వాళ్లకి ఈ రెండు లీటర్ల కోటా వర్తించదు, ఎందుకంటే వాళ్లు దేశం దాటనే లేదు.