ప్రోలిడేజు కథ

తోళ్లను పదును చేయు విద్యకును, మన కాలిమీది పుండు మానుటకును సంబంధమేమని మీరడుగవచ్చును. ఆ సంబంధమును తెలుపు చరిత్రమునే నేడు మీకు మనవి చేయుచున్నాను.

పశువుల తోలునందును, మన చర్మమునందును, ఎముకలందును గట్టి నారవలెనుండు మాంసకృత్తు ఒకటి కలదు. దానిపేరు కొల్లాజెన్. అమైనో ఆమ్లములను పూసలు గ్రుచ్చగా ఏర్పడిన హారమది. దేహము పాతహారమును త్రెంచి, ఆ పూసలతోనే క్రొత్తది గ్రుచ్చుకొనుచుండును. త్రెంపగా మిగిలిన చిన్నతునకలకే పెప్టైడులని పేరు. కొల్లాజెన్‌లో ప్రోలిన్ అను పూస విస్తారము. రెండుపూసల తునకలో అది చివరనున్నచో దానిని విడదీయుట సామాన్యమైన ఎంజైములకు సాధ్యము కాదు.

మాక్స్ బెర్గ్‌మన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు బెర్లినులో ఎమిల్ ఫిషరునకు సహాయకుడై పనిచేసి, పిమ్మట డ్రెస్డెను నగరమున తోళ్ల పరిశోధనాలయమునకు అధ్యక్షుడయ్యెను. 1932లో లియొనిడాస్ జెర్వాసుతో గూడి, పెప్టైడులను కోరినట్లు కూర్చు పద్ధతిని కనిపెట్టెను. మరుసటి యేట హిట్లరు అధికారమునకు వచ్చెను. యూదుడగుటచే బెర్గ్‌మన్ స్వదేశమును విడువవలసి వచ్చినది. న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థ ఆయనకు ఆశ్రయమిచ్చెను. అచ్చట జోసెఫ్ ఫ్రూటన్ అను యువకునితో గూడి, 1937లో ఆ చివరి ప్రోలిన్‌ను విడదీయు ఎంజైమును ప్రేగులయందు గుర్తించెను. అదియే ప్రోలిడేజు. అది మన జీవకణములలో నెల్లెడల పనిచేయుచున్నది. అందులకు మాంగనీసు లోహము లేశమాత్రము కావలెను.

బెర్గ్‌మన్ 1944లో గతించెను. ఈ ఎంజైము లోపించిన మనుష్యుని గతియేమో ఆయన యెరుగడు. 1968లో వైద్యులు ఆ వ్యాధిని మొదటిసారి వర్ణించిరి. విడివడని తునకలు మూత్రముతో పోవుచుండును. కాళ్లపై పుండ్లు లేచి మానవు. కొందరు బిడ్డలకు బుద్ధిమాంద్యమును కలుగును. కాలిపుండ్లన్నియు ఇట్టివని నేననుట లేదు. ఈ వ్యాధి మిక్కిలి అరుదు. దీనిని సమూలముగ మాన్పు మందు లేదు.

తల్లిదండ్రులిరువురును ఈ లోపమును గుప్తముగ మోయుచున్నచో, పుట్టు ప్రతిబిడ్డకును నాల్గింటనొకపాలు వ్యాధి సంక్రమించు అవకాశము కలదు. వారు చూచుటకు ఆరోగ్యవంతులే. దగ్గరి రక్తసంబంధము గల వధూవరులలో ఇట్టి కలయిక ఎక్కువగ తటస్థించును. మేనరికములు కుదుర్చు పెద్దలు మీరే కదా! పొలమును, బంగారమును విచారించునట్లే, ఇరువైపుల బిడ్డల ఆరోగ్యమును గూడ ఒకసారి వైద్యునితో విచారింపుడని నా ప్రార్థన.