ఉడత, అణిల్, ఒక కలెక్టరు నివేదిక

మాది కుప్పం పక్కన పల్లె. ఇంట్లో అరవం, వీధిలో తెలుగు, సంతకి పోతే కన్నడం. ఒకటో తరగతి వాచకంలో 'ఉ' పక్కన ఉడత బొమ్మ ఉండేది. నేను బొమ్మ చూసి "ఉ... అణిల్" అని చదివేవాణ్ణి. అయ్యవారు చెవి మెలిపెట్టేవారు. చివరికి పక్కన కూర్చునే పిల్ల కాపాడింది. "బళ్లో ఉడత, ఇంటికాడ అణిల్. రెండూ ఒకటేరా" అని గుసగుసగా చెప్పింది. ఆ రోజుతో చదువొచ్చేసిందని అనను గానీ, భయమైతే పోయింది.

చాలా ఏళ్ల తర్వాత, బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో రాసిన నివేదిక చదువుతుంటే ఆ పిల్ల గుర్తొచ్చింది. అంతకు ముందు ఏడాది మద్రాసు గవర్నరు థామస్ మన్రో, దేశీ బడుల వివరాలు పంపమని కలెక్టర్లందరినీ అడిగాడు. రాజధాని మొత్తం మీద 12,498 బడులు లెక్క తేలాయి. చాలామంది అంకెలు పంపి చేతులు దులుపుకున్నారు. క్యాంబెల్ మాత్రం అరుగు మీద కూర్చుని చూసినవాడిలా రాశాడు.

ఆయన గమనించినవాటిలో నన్ను ఆపినవి రెండు. మొదటిది పద్ధతి: పిల్లలు అక్షరాన్ని వల్లించి కాదు, ఇసుకలో వేలితో రాసి నేర్చుకుంటారు, కాస్త ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లకు చెబుతారు. ఇది మెచ్చుకోదగ్గది, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అన్నాడు. అప్పటికే ఆండ్రూ బెల్ అనే పాద్రీ మద్రాసు అనాథాశ్రమంలో దీన్ని పెట్టి, 'మద్రాసు పద్ధతి' అని అక్కడికి మోసుకుపోయాడు. రెండోది ఫిర్యాదు: తెలుగు, కన్నడ పిల్లలు చదివే పుస్తకాలు వాళ్లు మాట్లాడే భాషలో లేవు, చిలక పలుకుల్లా వల్లిస్తారు తప్ప అర్థం తెలియదు.

మొదటి సగం సీమ దాటింది. రెండో సగం ఫైల్లోనే ఉండిపోయింది.

మదనపల్లె అప్పట్లో కడప జిల్లా, 1911లో గానీ చిత్తూరులో కలవలేదు. ఆ మదనపల్లె దగ్గరే, రిషివ్యాలీ చుట్టూ ఉన్న పల్లెల్లో, 1980ల చివర్లో ఆ మొదటి సగం మళ్లీ మొలిచింది. పద్మనాభరావు, రమ దంపతులు అక్కడ ఒంటి ఉపాధ్యాయుడి బడులు నడపాల్సి వచ్చింది. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు. పంట పనులకు, మేకల వెనక పోయి పది రోజులకు తిరిగొచ్చినవాడి సంగతేంటి? మామూలు బడిలో వాడు పాఠం పోగొట్టుకున్నట్టే. వీళ్లు వాచకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. కార్డుల వరసను గోడ మీద నిచ్చెనలా బొమ్మ గుర్తులతో పెట్టారు. చదవడం రాని పిల్లకైనా తన మెట్టు ఏదో గుర్తు చూస్తే తెలిసిపోతుంది, ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంటుంది. కొన్ని మెట్లు అయ్యవారి దగ్గర, కొన్ని తోటి పిల్లల దగ్గర, కొన్ని ఒంటరిగా.

ఈ పెట్టెబడి మన గిరిజన ప్రాంతాలకు వెళ్లింది. కర్ణాటక ఉపాధ్యాయులు వచ్చి చూసి, 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో 'నలి-కలి' మొదలుపెట్టారు. అందులో పిల్లలు ముందు నేర్చేది అ ఆ ఇ ఈ కాదు, ర గ స ద అ. గీత తేలిక, వెంటనే మాటలు కూడతాయి. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులూ ఇదే దారి పట్టాయి. తర్వాత రాష్ట్రాలకు రాష్ట్రాలే ఒప్పుకున్నాయి. కానీ కార్డులు అచ్చు వేయించడం తేలిక. పది రోజులు రాని పిల్లని తిట్టకుండా ఉండటం జీవోతో వచ్చేది కాదు.

రెండో సగం మాటేమిటి? 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు వరకు ఇంగ్లిషు మీడియం అన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. ఇంగ్లిషా తెలుగా అని మనం టీవీల ముందు గొంతు చించుకున్నాం. కుప్పం అరవం పిల్లవాడికి తెలుగూ పరాయి వాకిలేనని ఎవరికీ తట్టలేదు. పుంగనూరులో బస్సు మారినప్పుడు కాన్వెంటు వ్యాన్ల వరస చూస్తే తల్లిదండ్రుల తీర్పు తెలుస్తుంది, వాళ్లని తప్పుపట్టే ధైర్యం నాకు లేదు. 2020 విద్యావిధానం వీలైనచోట ఇంటిభాష అంది. ఆ 'వీలైనచోట' అన్న మాటలోనే మా పల్లెలన్నీ జారిపోతాయి. మూడో తరగతికల్లా ప్రతి బిడ్డా అర్థం చేసుకుని చదవాలన్న నిపుణ్ భారత్‌కు 2026-27 గడువు.

మొన్న మేనకోడల్ని తీసుకురావడానికి అంగన్‌వాడీకి పోయినాను. గోడ మీద అదే చార్టు, 'ఉ' పక్కన అదే ఉడత. టీచరమ్మ "ఇదేమి పాపా?" అనడిగితే మూడేళ్లది ఠక్కున "అణిల్" అంది. ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

"బడికి పోతే అదే సర్దుకుంటాది లేన్నా."