ఒక రాత్రి రాజభోగం

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరినప్పుడు ఆయన వెంట నూరుమందికి పైగా పరివారం ఉంది. పల్లకీ మోసే బోయీలు, వంటవాళ్లు, కావడి కూలీలు, డేరాలు, వంటపాత్రలు అన్నీ కదిలాయి. ఆయన జమీందారు కాదు, మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి. కాకపోతే ఆ రోజుల్లో దూరప్రయాణం అంటే పడకనీ వంటింటినీ వెంట మోసుకుపోవడమే. దారిలో సత్రం ఉంటే సత్రం, లేకపోతే మామిడితోపులో డేరా. సత్రంలోనైనా ఎవరు ఎక్కడ పడుకోవాలో, ఎవరికి అన్నం పెట్టాలో కులం చూసి తేల్చేవాళ్లు. డబ్బు కట్టి, తాళం చెవి తీసుకుని, తలుపేసుకుని నిద్రపోవడమన్నది ఆనాటి మన బాటసారుల ఊహలో లేని ఏర్పాటు.

ఆయన బయల్దేరడానికి ఏడు నెలల ముందే అలాంటి ఏర్పాటు ఒకటి మొదలైంది. 1829 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో ట్రెమాంట్ హౌస్ అనే హోటల్ తలుపులు తెరిచింది. గదులు 170. దాన్ని గీసిన ఐజయా రోజర్స్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. అంతకు ముందు అమెరికాలో గానీ యూరప్‌లో గానీ పూటకూళ్ల ఇంట్లో దిగితే ముక్కూమొహం తెలియని మనిషితో మంచం పంచుకోవలసి రావడం మామూలే. ట్రెమాంట్ హౌస్‌లో ఒక్కరికో ఇద్దరికో విడిగా గది ఇచ్చారు, ఆ గదికి తాళం ఇచ్చారు. గదిలో పింగాణీ చెంబు, బేసిను, ఊరికే ఇచ్చే సబ్బు. కింది అంతస్తులో ఎనిమిది మరుగుదొడ్లు, అవీ నీళ్లు పోసే రకం. ఆవిరి పంపుతో నీటిని మిద్దెమీది తొట్టిలోకి ఎక్కించేవారు. వచ్చినవాళ్లని నిలబెట్టి పేరు రాసుకోవడానికి విడిగా ఒక కార్యాలయం, సామాను మోసే కుర్రాళ్లు కూడా అక్కడివే. ఇవాళ బస్టాండు ఎదుటి లాడ్జీలో కూడా కనిపించే ఈ వరస అంతా ఆ రోజు గొప్ప వింత. మరుసటి ఏడు దాని నక్షాలన్నీ పుస్తకంగా అచ్చయ్యాయి. దాన్ని ముందు పెట్టుకుని ఊరూరా హోటళ్లు కట్టేశారు. 1836లో న్యూయార్క్‌లో వచ్చిన ఆస్టర్ హౌస్ కూడా రోజర్స్ చేతిపనే. 1842లో చార్లెస్ డికెన్స్ అమెరికా వెళ్లినప్పుడు ట్రెమాంట్‌లోనే దిగి, దాని లెక్కలేనన్ని వసారాల గురించి రాసుకున్నాడు.

నా దృష్టిలో ఆ ఇంట్లో పుట్టిన వస్తువుల్లో తాళానిదే మొదటి స్థానం. సబ్బు, చెంబు ఎక్కడైనా దొరుకుతాయి. పరాయి ఊళ్లో, పరాయి కప్పు కింద కొన్ని గంటలపాటు ఒక చోటు పూర్తిగా మనది కావడం మాత్రం కొత్త సరుకు. ఖరీదైన హోటళ్లు ఈనాటికీ అమ్ముతున్నది దాన్నే, మిగతాదంతా అలంకారం.

ఆ అలంకారం చరిత్ర మాత్రం తమాషాగా ఉంటుంది, అందులో సగం నీళ్ల గొట్టాల చరిత్రే. 1859లో న్యూయార్క్‌లోని ఫిఫ్త్ అవెన్యూ హోటల్లో ప్రయాణికుల లిఫ్టు పెట్టారు. పెద్ద మర చుట్టూ మెలికలు తిరుగుతూ పైకెక్కే యంత్రం అది, ఓటిస్ టఫ్ట్స్ తయారుచేశాడు. మెట్లెక్కి ఆయాసపడాలి కనుక అప్పటిదాకా పై అంతస్తు అంటే చవక గది. లిఫ్టు వచ్చాక లెక్క తలకిందులైంది. గాలీ వెలుతురూ ఉండి, వీధి రొద వినిపించని పై గదులకే ధర పెరిగింది. పై అంతస్తుల సూట్లకు చుక్కలు చూపించే అద్దె అలా మొదలైందే.

లండన్‌కి ఈ అమెరికా వైభవం నాటకాల డబ్బుతో చేరింది. గిల్బర్ట్, సలివన్ల సంగీత నాటకాలు వేయించి, ముఖ్యంగా ‘మికాడో’తో బాగా గడించిన రిచర్డ్ డాయిలీ కార్ట్, అమెరికా హోటళ్లు చూసి వచ్చి 1889 ఆగస్టు 6న సావోయ్ హోటల్ ప్రారంభించాడు. లోపలంతా కరెంటు దీపాలు, కరెంటు లిఫ్టులు. స్నానాల గదులు 67 కట్టించమంటే, మీ అతిథులేమన్నా నీళ్లలోనూ నేల మీదా బతికే జంతువులా అని మేస్త్రీ అడిగాడట. ఆ ప్రశ్నలో వెటకారం ఎంతో, అమాయకత్వం అంతే. ఎందుకంటే ఆ రోజుల్లోనే లండన్‌లోని విక్టోరియా హోటల్లో 500 మంది అతిథులకు ఉన్నవి నాలుగే స్నానాల గదులు.

సావోయ్‌ని నడపడానికి కార్ట్ పట్టుకొచ్చిన మేనేజరు సీజర్ రిట్జ్. స్విట్జర్లాండ్‌లోని నీడర్‌వాల్డ్ అనే పల్లెలో 1850లో ఒక రైతు ఇంట్లో పదమూడో సంతానంగా పుట్టాడు. కుర్రతనంలో పనిచేసిన హోటల్ యజమాని ‘ఈ వృత్తికి నువ్వు పనికిరావు’ అన్నట్టు చెబుతారు. అక్కణ్నుంచి వడ్డన చేస్తూ, బూట్లు తుడుస్తూ, పారిస్, వియన్నా, నీస్ తిరుగుతూ, ధనవంతులకు ఏం కావాలో వాళ్లు నోరు తెరవకముందే కనిపెట్టే విద్య పట్టాడు. వంటకి ఆగస్ట్ ఎస్కాఫియే తోడయ్యాడు. ఇద్దరూ కలిసి లండన్ పెద్దింటి ఆడవాళ్లని బయటి భోజనశాలలోకి రప్పించారు, అప్పటిదాకా అది మర్యాద కాదనుకునేవారు. 1898లో సావోయ్ వాళ్లు ఈ ఇద్దరినీ సాగనంపారు. 3,400 పౌండ్ల విలువైన మద్యానికి లెక్క తేలలేదన్నది అభియోగం. ఆ ఏడు జూన్ 1నే పారిస్‌లో వాండోమ్ కూడలిలో రిట్జ్ సొంత పేరుతో హోటల్ తెరిచాడు. గదిగదికీ స్నానాల గది, టెలిఫోను, కరెంటు ఏర్పాటు చేశాడు. క్షయ భయం ఊరంతా ఉన్న కాలం కనుక దుమ్ముపట్టే వాల్‌పేపర్లు, బరువు తెరలు తీసేయించి, కడిగేందుకు వీలుగా గోడలకు రంగు వేయించాడు. భోజనశాలలో దీపాల కాంతి ఆడవాళ్ల మొహాలకు నప్పాలని భార్యను గంటలకొద్దీ కూర్చోబెట్టి రకరకాల షేడ్లు మార్చి చూశాడని చెబుతారు. ఇవాళ ‘మూడ్ లైటింగ్’ అని బిల్లులో కలిపే దానికి మూలపురుషుడు ఈయనే. 1902లో ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి లండన్‌లో ఏర్పాట్లన్నీ చేశాక, రాజుగారికి అపెండిసైటిస్ వచ్చి వేడుక వాయిదా పడింది. ఆ దెబ్బకి రిట్జ్ కుప్పకూలాడు. మళ్లీ మునుపటి మనిషి కాలేదు. 1918లో పోయాడు.

చరిత్రకారులు రిట్జ్ దగ్గర ఆగిపోతారు గానీ, నాకు ఎల్స్‌వర్త్ స్టాట్లర్ మీదే ఎక్కువ గురి. తొమ్మిదేళ్లకే గాజు ఫ్యాక్టరీలో పని, పదమూడేళ్లకు హోటల్లో సామాను మోసే కుర్రాడు. 1908లో బఫెలో నగరంలో ఆయన తెరిచిన హోటల్లో ఒకటిన్నర డాలర్లకే గదీ, గదికి సొంత స్నానాల గదీ దొరికేవి. రెండు గదుల స్నానాల గదులు వీపు వీపు ఆనించి కట్టి, నీళ్ల గొట్టాలన్నీ ఒకే నిలువు గూటిలో దించడంతో ఖర్చు తగ్గించాడు. తలుపు తీయగానే చేతికందే దగ్గర లైటు స్విచ్, నిలువుటద్దం, పొద్దున్నే గుమ్మంలో దినపత్రిక, ఇవి కూడా ఆయనవే. రిట్జ్ రాజులకు మప్పినదాన్ని స్టాట్లర్ అమ్మకాల ఏజెంట్లకు అందించాడు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ‘అటాచ్డ్ బాత్‌రూమ్ ఉందా?’ అని అడిగే ప్రతి ప్రయాణికుడూ తెలియకుండా ఆయన పేరే తలుస్తున్నాడు.

మన దేశంలో ఈ కథ తెల్లవాళ్లతో మొదలైంది. కలకత్తాలో డేవిడ్ విల్సన్ అనే రొట్టెల వ్యాపారి 1840 ప్రాంతంలో ఆక్లండ్ హోటల్ పెట్టాడు, అదే తర్వాత గ్రేట్ ఈస్టర్న్ అయింది. బొంబాయిలో జాన్ వాట్సన్ ఇంగ్లండులో పోతపోయించిన ఇనుప స్తంభాలూ దూలాలూ ఓడల్లో తెప్పించి, కాలాఘోడా దగ్గర బిగించి కట్టిన హోటల్ 1871లో తెరుచుకుంది. 1896 జూలై 7న ల్యూమియేర్ సోదరుల చలనచిత్రాలు దేశంలో మొదటిసారి ఆడింది అక్కడే. మార్క్ ట్వేన్ దిగింది అక్కడే. తెల్లవాడు కాదని గుమ్మం దగ్గర జంషెట్జీ టాటాను ఆపేశారనీ, ఆ అవమానంతోనే ఆయన తాజ్ హోటల్ కట్టారనీ అందరూ చెప్పుకునే కథ కూడా అక్కడిదే. కథ బాగుంది గానీ, దానికి గట్టి ఆధారం లేదని చరిత్రకారులు అంటారు. 1896లో ప్లేగు వచ్చి చెడిన బొంబాయి పేరు మళ్లీ నిలబెట్టాలన్న పట్టుదల, ఊరి మీద ప్రేమ అసలు కారణాలని నేననుకుంటాను. ఒక పక్క బెంగళూరులో విజ్ఞాన సంస్థ, మరో పక్క ఉక్కు కర్మాగారం తలపెట్టిన మనిషి పూటకూళ్లిల్లు పెడతాడేమిటని అక్కచెల్లెళ్లు ముక్కున వేలేసుకున్నారట.

ఆయన వినలేదు. సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా నక్షా గీశారు. వైద్య మధ్యలోనే మలేరియాతో చనిపోతే డబ్ల్యూ. ఎ. ఛాంబర్స్ పూర్తి చేశాడు. జర్మనీ లిఫ్టులు, అమెరికా ఫ్యాన్లు, టర్కీ స్నానశాలలు, ఇంగ్లిష్ బట్లర్లు వచ్చి చేరారు. 1903 డిసెంబరు 16న తాజ్ తెరిచిన రోజు అతిథులు పదిహేడు మందే. ఆరునెలలు తిరక్కుండా జంషెట్జీ కన్నుమూశారు. ఫోటోల్లో తాజ్‌కి కొమ్ము కాసినట్టు నిలబడే గేట్‌వే ఆఫ్ ఇండియా ఆ తర్వాత ఇరవై ఏళ్లకు గానీ పూర్తి కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ హోటలే 600 పడకల ఆసుపత్రి. 2008 నవంబరు 26 ఉగ్రవాద దాడిలో కాలిన పాత భవనాన్ని బాగుచేసి 2010 ఆగస్టులో మళ్లీ తెరిచారు.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వమే హోటల్ కట్టించింది. 1956లో ఢిల్లీలో యునెస్కో మహాసభ పెట్టుకుంటే ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లను ఎక్కడ దించాలి? నెహ్రూ పూనుకుని అశోకా హోటల్ కట్టించారు. సిమ్లా సిసిల్ హోటల్లో 1922లో గుమాస్తాగా చేరిన మోహన్ సింగ్ ఒబెరాయ్ 1938కల్లా కలకత్తా గ్రాండ్ హోటల్‌ని చేజిక్కించుకుని, ఆ తర్వాత దేశదేశాలకు విస్తరించారు. సిగరెట్ల కంపెనీ ఐటీసీ 1975లో మద్రాసులో చోళ హోటల్‌తో ఈ రంగంలోకి దిగింది. రాజవంశాల పేర్లు పెట్టే ఆ అలవాటు వల్లే హైదరాబాద్ బేగంపేటలో కాకతీయుల పేరు హోటల్ బోర్డుకెక్కింది.

హైదరాబాద్‌కి తాళాలూ లిఫ్టులకన్నా ముందు నవాబుల ఆతిథ్యం ఉంది, కాబట్టి ఇక్కడి దారి కాస్త వేరు. నిజామత్ జంగ్ 1915లో కట్టుకున్న హిల్ ఫోర్ట్ ప్యాలెస్ 1950ల్లో రిట్జ్ హోటల్ అయింది. పారిస్ రిట్జ్‌కీ దీనికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసిన ఫలక్‌నుమా ప్యాలెస్ ఖర్చుతో ఆయన్ని అప్పుల్లో ముంచి, చివరికి నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి వెళ్లింది. 101 మంది ఒకేసారి కూర్చునే ఆ భోజనాల బల్ల ముందు అది హోటల్‌గా మారిన 2010 నవంబరు నుంచి డబ్బు కట్టిన ఎవరైనా కూర్చోవచ్చు. ఎవరైనా అన్నానే గానీ, ఆ ఎవరైనా ఎవరో అద్దె చూస్తే తెలుస్తుంది. కులం చూసి ఆపిన సత్రం గుమ్మం, రంగు చూసి ఆపిన క్లబ్బు గుమ్మం పోయి పర్సు చూసే గుమ్మం మిగిలింది. మూడింట్లో ఇదే నయం అనుకోవాలి. మెచ్చుకోవడానికి మాత్రం మనసొప్పదు.

స్నానాల గది అందరికీ వచ్చేశాక ఖరీదైన హోటల్ ఏం అమ్మాలి? 1967లో అట్లాంటాలో జాన్ పోర్ట్‌మన్ హయత్ రీజెన్సీ నడిమధ్యన 22 అంతస్తుల ఎత్తు ఖాళీ వదిలి, అందులో గాజు లిఫ్టులు పరుగెత్తించాడు. లాబీ అంటే నోరు తెరుచుకు చూసే చోటు అప్పుడే అయింది. 1984లో న్యూయార్క్‌లో ఇయాన్ ష్రాగర్, స్టీవ్ రుబెల్ అనే నైట్‌క్లబ్ యజమానులు మోర్గన్స్ తెరిచి, ఆంద్రే పుట్‌మన్ చేత లోపలి అలంకారం చేయించారు. చిన్న హోటల్, పెద్ద అభిరుచి. బొటీక్ హోటల్ అన్న మాటకు ఊపు వచ్చింది దానితోనే. 1999లో వెస్టిన్ సంస్థ పడకనే సరుకుగా ప్రచారం చేసింది. అక్కణ్నుంచి తెల్లటి దుప్పటి, తెల్లటి బొంత, పొరలుపొరలు దిండ్లు ప్రపంచమంతా ఒకటే. హైదరాబాద్ హైటెక్ సిటీలో కన్ను తెరిచినా దుబాయ్‌లో కన్ను తెరిచినా ఒకే గది కనిపించడం ఈ కొత్త వైభవంలోని లోపం. రిట్జ్ షేడ్ల రంగు తన భార్య మొహం మీద చూసి ఎంచాడు, ఇప్పటివాళ్లు కేటలాగు చూసి ఎంచుతున్నారు.

బొంబాయి వెళ్లేవాళ్లకి ఒక మాట. తాజ్ ముందు ఫోటో దిగి వెనక్కి రాకండి. అక్కణ్నుంచి కాలాఘోడా నడిచి వెళ్లగలిగినంత దూరమే. వాట్సన్ హోటల్ ఇప్పుడు ఎస్ప్లనేడ్ మాన్షన్ పేరుతో తుప్పు పట్టి ఉంది. కూల్చాలా నిలబెట్టాలా అన్న వాదన హైకోర్టు దాకా వెళ్లింది. అది ఉండగానే ఒకసారి చూసి రండి.